ఐదు గుక్కల చలవ

కృత్తిక కార్తె, సోమవారం

గ్యాస్ షెడ్డు వాళ్ళు ఏ రోజు పని ఆ రోజు రాసిపెట్టాలని యూనియన్ కమిటీ ఆర్డరు. సరే, రాస్తున్నాను. పేరు కనకవ్వ. ఎండలకు జనమంతా పాత బొగ్గుబాయి ఇంక్లైన్ల కిందికి దిగి బతుకుతున్నాం. ఎనిమిదో ఇంక్లైన్‌లో ముఖం ముందు కనకక్క అంటారు, వీపు వెనక అనుమానాల కనకవ్వ అంటారు. అనుకోనీ. అనుమానం లేని మనిషి గ్యాస్ పనికి రాకూడదు. నేను పక్కవాడి సిలిండరునే కాదు, నా చేత్తో బిగించిన నట్టును కూడా నమ్మను.

పొద్దున బాయి మూతి దగ్గర షెడ్డు రేకు ఎత్తేసరికే లోపల బండ్లన్నీ కాలుతున్నాయి. తడిగోనె కప్పుకుని, చేతికి తడిగుడ్డ చుట్టుకుంటే గానీ బానెట్ ముట్టుకోలేకపోయాను. ఇంకా కృత్తికే. రోహిణి ముందుంది.

మన బండ్ల సంగతి తెలిసిందే. బ్యాటరీలన్నీ నా చిన్నప్పుడే చచ్చిపోయాయి. నెత్తిమీద సోలార్ పలకల మీద ఎండ పడితేనే బండి కదులుతుంది. ఆ ఎండలో మనిషి బతకడు. ఎండకూ మనిషికీ మధ్య ఉన్నది ఏసీ ఒక్కటే. మూడో ఇంక్లైన్‌కు పోయే దారిలో ఓపెన్‌కాస్ట్ గుంతల నడుమ చెట్టు లేదు, నీడ లేదు. అక్కడ ఏసీ ఆగిందంటే అవతలికి చేరేది శవమే.

ఏ బండి ఏసీకి ఏ గ్యాస్ పోయాలన్నది బానెట్ కింద అతికించిన చీటీ చెబుతుంది. పాత గ్యాస్ బండికి పాత గ్యాస్, కొత్త గ్యాస్ బండికి కొత్త గ్యాస్, వంట గ్యాస్ మీదికి మార్చుకున్న బండికి వంట గ్యాస్. ఒకదానిలో ఇంకొకటి పోస్తే దాన్ని మేం ఎంగిలి గ్యాస్ అంటాం. ఎంగిలి గ్యాస్‌తో చిక్కేమిటంటే అది వెంటనే బయటపడదు. పొద్దున నీడలో పెట్టి చూస్తే చల్లగానే వీస్తుంది. ఎండ ముదిరాక గొట్టాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది, కంప్రెసర్ పగిలిపోకుండా దానంతటదే బందవుతుంది. కంప్రెసర్ బతుకుతుంది, లోపలున్న మనిషి పోతాడు.

ఈసారి బయటినుంచి సరుకు తెచ్చే లారీల్లో షెడ్డుకు ఒక పెట్టె వచ్చింది. దాని గొట్టం బండికి తగిలిస్తే లోపల ఏ గ్యాస్ ఎంత ఉందో చెబుతుంది. వాసన పట్టేది కాబట్టి దానికి కుక్క అని పేరు పెట్టాను. ఇన్నేళ్ళూ గేజీ ముల్లు చూసి ఊహించడమే, లోపల ఏముందో దేవుడికెరుక.

మొదటి పని మా అఖిల బండి. గురువారం పెళ్ళి. రోహిణి మొదటి గురువారం అల్లుడు శ్రావణ్‌తో మూడో ఇంక్లైన్‌కు పోతుంది. ఎండలు తగ్గాక పొమ్మన్నాను. అతనిది నీళ్ళ పంపు డ్యూటీ, రోహిణిలో పంపు దగ్గర మనిషి లేకపోతే మూడో ఇంక్లైన్ కింది గ్యాలరీలు మునుగుతాయట. కాబట్టి పోక తప్పదు. చిన్న తెల్ల బండి. చీటీ మీద కొత్త గ్యాస్ అని ఉంది. లోపలున్నదంతా లాగేసి, నూనె చూసి, తూకం వేసి కొత్త గ్యాస్ ఎక్కించాను. కుక్క వాసన చూసి శుద్ధం అంది. మూతలు నేనే బిగించాను. నాకు ఉన్నది ఒక్క పిల్ల, ఆ బండిలో పోయేది ఆ పిల్లే.

కృత్తిక కార్తె, శుక్రవారం

నిన్న పెళ్ళయింది. పెద్ద గ్యాలరీలో పందిరి వేశారు, వంకాయ కూర బాగా కుదిరింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. మొగుడు పోయినదాన్ని, ఒడిబియ్యం పోసేచోట నాకు పీట వేయరు. కూతురి పెళ్ళయినా అంతే. అలవాటైంది. కడుపు మండుతుంది గానీ అలవాటైంది. అన్నిటికీ అఖిల అమ్మమ్మ, మా అవ్వ ఎల్లవ్వే ముందు నిలబడింది. బాపు మంచం పట్టినా ఇంకా ఉన్నాడు కాబట్టి డెబ్బై దాటినా ఆమె ముత్తైదువే. అఖిల ఒడి నిండాక ఆడవాళ్ళంతా పాటలు పాడుకుంటూ బండికి బొట్లు పెట్టడానికి పైకి పోయారు. నేను గిన్నెలు తోమాను.

ఇవాళ పొద్దున నా బుద్ధి ఊరుకోక కుక్కను తీసుకెళ్ళి అఖిల బండికి తగిలించాను. శుద్ధం అంటుందని చూస్తున్నాను. ఎర్ర దీపం వెలిగింది. కొత్త గ్యాస్‌లో పాత గ్యాస్ ఉంది, వంట గ్యాస్ కూడా ఉంది. ఎంగిలి!

సోమవారం నా చేత్తో నింపిన బండి అది. మళ్ళీ పెట్టి చూశాను, మళ్ళీ ఎర్ర దీపమే. మూత తిప్పి చూస్తే అంచుకు పసుపు అంటి ఉంది. పెళ్ళింట్లో పసుపంటని చెయ్యి ఉండదు. అంటే పెళ్ళికి వచ్చిన చెయ్యే ఈ పని చేసింది.

ఓదెలు పెళ్ళికి వచ్చాడు. కూర రెండుసార్లు వేయించుకున్నాడు, నేను చూశాను.

ఓదెలు ఎవరో రాయాలి కదా. లారీల నుంచి సిలిండర్లు దించి మన ఇంక్లైన్లన్నిటికీ గ్యాస్ ఇచ్చేది అతనే. మా ఆయన సమ్మయ్యకు ప్రాణస్నేహితుడు. అఖిల నా కడుపులో ఉండగా సమ్మయ్య మా పెళ్ళిబండి వేసుకుని మూడో ఇంక్లైన్‌కు బయలుదేరాడు. మిట్టమధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ నడుమ ఏసీ ఆగింది. సాయంత్రం తీసుకొచ్చారు, నన్ను ముఖం చూడనివ్వలేదు. ఆ బండిలో గ్యాస్ నింపింది ఓదెలు. కల్తీ గ్యాస్ పోసి నా మొగుణ్ణి చంపాడని ఆ రోజు హాజరు పిలిచే ముస్టరు దగ్గర అందరిముందూ అన్నాను. ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉన్నాను. అతని చేతి నీళ్ళు ముట్టలేదు. ఈ పని నేర్చుకున్నది కూడా వాణ్ణి ఎప్పటికైనా పట్టుకోవాలనే.

ఇప్పుడు నా కూతురి బండి మీద పడ్డాడు.

కృత్తిక కార్తె, ఆదివారం

ఓదెలు గోడౌన్‌కు పోయాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందొదినె, పొద్దుగాల్నే వచ్చినవ్?"

"నన్ను వదినె అనకు. నా బిడ్డ బండ్ల ఏం కలిపినవ్?"

"నేనా? నేనెందుకు కలుపుత?"

"ఎందుకు కలుపుతవో నీకే ఎరుక. పెండ్లినాడు బండి కాడికి పోయినవా లేదా?"

"నేను బువ్వ కాడికి పోయిన వదినె, బండి కాడికి పోలె." నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు. "నా సిలిండర్లన్నీ గీడనే ఉన్నయ్. నీ కుక్కను తెచ్చి వాసన సూపియ్యి. ఒక్కటి తప్పున్నా నన్ను ముస్టరు కాడ నిలబెట్టు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడనుకున్నాను. కుక్కను తెచ్చాను. ఒక్కో సిలిండరుకూ తగిలించాను. అన్నీ శుద్ధం. వరసలో వెనక దాచినట్టున్న రెండింటిని నేనే లాగి చూశాను, అవీ శుద్ధమే. అది చూసి నా అనుమానం తగ్గిందా? పెరిగింది. ఇంత శుద్ధంగా ఉంచాడంటే నేను వస్తానని ముందే తెలుసన్నమాట.

బయటికి వస్తుంటే వెనకనుంచి అన్నాడు. "ఒక్క మాటడుగుతా, కోపం జెయ్యకు. నేను గ్యాస్ ఇచ్చేది అందరికి. మరి దారిల ఆగేటియన్నీ పెండ్లిబండ్లే ఎందుకైతున్నయ్?"

ఆ మాట చెవిలో దూరిన జోరీగలా వదల్లేదు. మధ్యాహ్నం షెడ్డులో ఉన్న బండ్లన్నిటికీ కుక్కను తగిలించాను. పాత కాపురాల బండ్లు శుద్ధం. ఈ సంవత్సరం పెళ్ళయిన జంటల బండ్లు మూడున్నాయి. మూడూ ఎంగిలే. మూడింటి మూతలకూ పసుపు.

పోయిన రోహిణిలో ఐదో ఇంక్లైన్ జంట దారిలో ఏసీ ఆగి చచ్చిపోయారు. పెళ్ళయి నెల కాలేదు. అందరూ కొత్తజంటకు దిష్టి అన్నారు. దిష్టి తగిలితే జ్వరం వస్తుందేమో గానీ గ్యాస్‌లో గ్యాస్ కలవదు. ఎవరో కొత్తజంటల మీద కక్ష కట్టారు. ఓదెలుకు పెళ్ళి కాలేదు. సమ్మయ్య పోయాక ఎవరు పిల్లనిస్తామన్నా ఒప్పుకోలేదు. ఆ కక్షేనా? రాస్తున్నాను గానీ నాకే కొంచెం సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను, పిల్లల బండి ఎంగిలైంది, అంతా లాగి పారేస్తున్నానని. అవ్వ చేతిలో చేట కింద పెట్టేసింది.

"లాగి పారేస్తవా? పెండ్లిబండి కెల్లి?"

"మరి ఉంచుకొని సావమంటవా?"

"నోరు కడుక్కో! శుభమా అని పిల్ల పోతుంటే ఏం మాటలవి." పోయి దిష్టికి నిమ్మకాయలు కోసుకుంది.

కృత్తిక కార్తె, చివరి మంగళవారం

అఖిల బండి ఖాళీ చేశాను. ఎంగిలంతా పనికిరాని గ్యాస్ పట్టే ఎర్రగీత సిలిండరులోకి లాగాను. షెడ్డులో ఉన్న కొత్త గ్యాస్ ఊడ్చిపెట్టి ఎక్కించాను. ఇక మిగిలింది లేదు. కుక్క శుద్ధం అంది. బానెట్‌కు గొలుసు వేసి తాళం బిగించి తాళంచెవి మొలకు కట్టుకున్నాను. రెండోది ఇంట్లో బియ్యం డబ్బాలో దాచాను.

అఖిల పక్కన నిలబడి చూస్తూనే ఉంది. "అమ్మా, బండికి గొలుసేంది? దొంగనా అది?"

"దొంగ అది కాదు. దొంగ ఎవడో తెల్వదు."

"నాకు ఎరుకైనకాన్నుంచి గిదే మాట. ఓదెలు మామను అంటవ్, పక్కింటోళ్ళను అంటవ్, కమిటీని అంటవ్. అనుమానం పెనుభూతమమ్మా. నిన్ను తినేస్తది అది."

"నన్ను తిననీ. నిన్ను తినకుంటే సాలు."

పిల్ల ఏడ్చింది. నేను ఏడవలేదు, ఏడిస్తే కళ్ళు మసకబారి నట్లు కనబడవు. దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. తల్లో మల్లెపూలు వాడిపోయి ఉన్నాయి. ఈ పిల్లకు ఏమన్నా అయితే నేను ఎవరిని తిట్టుకుంటూ బతకాలి అనిపించింది. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

సాయంత్రం శ్రావణ్ వచ్చి, "అత్తమ్మా, తాళంచెవి ఒకటి మాకు గూడ ఉండాలె గదా, దారిల ఏమన్నైతే?" అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. కానీ నా కళ్ళలోకి చూడకుండా గొలుసు వంక చూస్తూ అడిగాడు. ఎవరు అడగమన్నారని అడిగితే, ఎవరూ లేరని గబగబా అన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇవ్వలేదు. గురువారం పొద్దున ఇస్తానన్నాను.

రోహిణి కార్తె, బుధవారం

రేపు పిల్లలు పోవాలి.

పొద్దున బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే రెండో తాళంచెవి లేదు. అల్లుడి కోసం చూశాను, కనబడలేదు. అవ్వను అడిగితే బాపు మందు కోసం పంపానంది. సరే, వచ్చేవాడు రానీ అనుకున్నాను. ఓదెలు, అల్లుడు కలిసి ఉంటారా అని కూడా అనుకున్నాను. అనుకున్నవన్నీ రాస్తే పుస్తకం చాలదు.

భోజనాల వేళ అందరూ కింద ఉన్నప్పుడు షెడ్డులోకి పోయి, అఖిల బండి పక్కనున్న బండిలో వెనకసీటు మీద పడుకుని గోనె కప్పుకున్నాను. చేతిలో పెద్ద పానా. ఉక్కకు ప్రాణం పోతోంది. ఎవడొచ్చినా సరే, మోకాలు విరగ్గొట్టి అడగాలనే ఉంది.

కాళ్ళ పట్టీల చప్పుడు వినబడింది. పాట వినబడింది.

మా అవ్వ ముందు, వెనక నలుగురు ముత్తైదువలు. ఒక్కొక్కరి చేతిలో పిడికెడంత ఇనుప సీసా, సీసాకు పసుపు రాసి కుంకుమ బొట్లు. అవ్వ చెంగుముడి విప్పి బియ్యం డబ్బాలోని తాళంచెవి తీసింది; నిన్న అల్లుడితో అడిగించింది ఎవరో అప్పుడర్థమైంది. గొలుసు తీసి పక్కన పెట్టింది. పసుపు భరిణె తెరిచి అందులోంచి ఇత్తడి మూతి ఒకటి తీసింది. ఏ సీసాకైనా, ఏ బండికైనా పట్టేలా ఎప్పుడో వర్క్‌షాపులో చేయించినట్టుంది. గ్యాసులు కలవకూడదనే కంపెనీ వాళ్ళు ఒక్కోదానికి ఒక్కో రకం మూతి పెట్టారు. మా ఇంక్లైన్ ఆడవాళ్ళు ఆ అడ్డును భరిణెలో పెట్టుకుని తిరుగుతున్నారు.

సీసాలు ఎండలో వేడెక్కించి తెచ్చారు. మూతికి బిగించి తిప్పితే బుస్సుమని గ్యాస్ తానే బండిలోకి పోతుంది. అవ్వ మొదటి సీసా బిగించి తిప్పింది. "సల్లగుండు బిడ్డా, నీ కడుపు సల్లగుండ" అంది. వెనకామె తన సీసా అందుకుంది.

"అవ్వా!" అని అరిచి గోనె తోసి లేచాను.

అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. అవ్వ మాత్రం బెదరలేదు, సీసా వదల్లేదు.

"ఏందిది?" అన్నాను.

"ఒడిచలవ" అంది అవ్వ. "నువ్వు సూడొద్దు. పక్కకు పో."

"ఎవరెవరి బండ్లకెల్లి తెచ్చిండ్రు?"

"ఎవరి బండ్లకెల్లి ఆళ్ళం తెచ్చుకున్నం. ఎవరింట్ల సలవ ఆళ్ళు పిడికెడు ఇయ్యాలె. బియ్యం ఒడిల పోస్తం, సలవ బండ్ల పోస్తం. ఐదుగురు పోస్తే ఐదిండ్ల సలవ పిల్ల ఎంబడి పోతది. నువ్వు మొన్న పోసిందంతా లాగి పారబోస్తివి. అందుకే మళ్ళ పోస్తున్నం. ఐదో ఇంక్లైన్ పిల్లలు పోయినకాన్నుంచి ఇంకా ఎక్కువనే పోస్తున్నం. దిష్టి గట్లున్నది."

ఇన్నేళ్ళు షెడ్డు నాది, బండ్లు నా చేతిలోవి. అయినా నాకు తెలియలేదు. పెళ్ళికూతురు ఆ సమయానికి ఒడిలో బియ్యంతో లోపల కూర్చుని ఉంటుంది. మొగుడు పోయినదాన్ని దగ్గరికి రానివ్వరు. పెళ్ళికూతురిగా నేను లోపల ఉన్నాను, ఆ తర్వాతంతా బయట ఉన్నాను. మగవాళ్ళకు చెప్పరు. ఇక తెలిసేదెట్లా?

"ఎప్పటిసంది పోస్తున్నరు?"

అవ్వ ముఖం కాస్త మెత్తబడింది. నేను కోపం మానుకున్నాననుకుంది పాపం. "ఎప్పటిసందో. నాకు మా అత్త సెప్పింది. నీ పెండ్లి నాడు గూడ పోసిన బిడ్డా. నీ బండ్ల మొదటి గుక్క నాదే. మన వంట గ్యాస్ బండికెల్లి తీసి, నీ సీసా అని ఏరే పెట్టి పోసిన." నవ్వుతూ చెప్పింది.

నేను ఏమన్నానో గుర్తులేదు. చేతిలో పానా ఎప్పుడు కింద పెట్టానో గుర్తులేదు. కిందికి పోండి అన్నట్టున్నాను, వాళ్ళు పోయారు. అవ్వ వెనక్కి తిరిగి, "సగమే పోసినం, రేపు మిగిలింది పోస్తం" అంది. మా అవ్వ. నన్ను కని, నా మొగుడు పోయిననాడు నాకు అన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టిన మా అవ్వ.

ఆ బండికి కుక్కను తగిలించాను. ఎర్ర దీపం. ఖాళీ చేయడానికి గొట్టం బిగించాను. నింపడానికి షెడ్డులో కొత్త గ్యాస్ చుక్క లేదు.

ఓదెలు దగ్గరికి పోయాను. పొద్దువాలుతోంది, గోడౌన్ బయట ఇసుక మీద నీళ్ళు చల్లుతున్నాడు. జరిగింది చెప్పాను. నిలబడే చెప్పాను. అతను చెంబు పట్టుకుని అట్లాగే విన్నాడు.

"అయితే సమ్మయ్య బండ్ల గూడ..." అన్నాడు.

"అవ్."

చెంబు కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు ముస్టరు దగ్గర, పెళ్ళిళ్ళ దగ్గర, చావుల దగ్గర నేనన్న మాటలన్నీ ఈ మనిషి నెత్తిన మోశాడు. ఎక్కడికీ పోలేదు, ఒక్కసారీ ఎదురు తిట్టలేదు. క్షమించు అందామనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"రేపు పొద్దుగాల నేనే తెస్త సిలిండరు" అన్నాడు. "అవ్వకు సెప్పినవా?"

"లే."

"సెప్పకు వదినె."

రోహిణి కార్తె, గురువారం

ఈ రెండు రోజుల పేజీలు కమిటీకి ఇవ్వను. పొద్దున అఖిల లోపల పీట మీద కూర్చుంది, ఒడిలో బియ్యం. నేను పైన షెడ్డులో ఖాళీ బండి ముందు నిలబడ్డాను. ఓదెలు సిలిండరు తెచ్చి తూకం మీద పెట్టాడు. కుక్క శుద్ధం అంది. పాటతో ఐదుగురూ వచ్చారు, చేతుల్లో సీసాలు. ఓదెలును చూసి మగమనిషి ఉన్నాడని ఆగిపోయారు.

"ఉండనీ ఆయనను" అన్నాను. "అందరు ఇనుండ్రి. సీసాలల్లది బండ్ల పోసేది లేదు. ఈ బండికి చీటీల రాసిన గ్యాస్ ఒక్కటే పోవాలె. ఏరేది కలిస్తే పొద్దుగాల సల్లగనే ఉంటది. మిట్టమధ్యాహ్నం గుంతల నడుమ బందయితది. పెండ్లిబండ్లు అందుకే ఆగుతున్నయ్. దిష్టి కాదు."

ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె, "మరి ఉత్త చేతులతోని పిల్లను పంపుతమా?" అంది కోపంగా.

"ఉత్తగ వద్దు. గ్యాస్ ఇగో ఈ సిలిండర్ల ఉన్నది. చెయ్యి మీది పెట్టుండ్రి. ఐదుగురు ఒకలెనక ఒకలు ఈ చక్రం తిప్పుండ్రి, ఐదు గుక్కలు నేను తూకం చూసి ఆపుత. ముందు నువ్వు రా అవ్వా."

అవ్వ వచ్చి సిలిండరు చక్రం మీద చెయ్యి వేసింది. వేసి, ఆగిపోయింది.

"మిట్టమధ్యాహ్నం బందయితదా?" అంది.

"అవ్."

"సమ్మయ్య బండి గూడ మిట్టమధ్యాహ్నమే ఆగె గదా?"

అవ్వ తన చేతి వంక చూసుకుంది. మెల్లగా చక్రం మీంచి తీసేసింది. "నా చెయ్యి వద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ చిన్న మనిషి ఇంకా చిన్నదైపోయింది.

నాకు అబద్ధం ఆడటం రాదు. అనుమానపు మనుషులకు అబద్ధాలు పట్టడమే వస్తుంది, ఆడటం రాదు. అయినా నోరు తెరిచాను.

"ఆయన బండిది గ్యాస్ ముచ్చట కాదవ్వా. ముంగట ఫ్యాన్ కాలింది."

"నీకెవరు సెప్పిండ్రు?"

"ఓదెలు సెప్పిండు."

ఓదెలు వంక చూడలేదు, చూస్తే దొరికిపోతాను. వెనకనుంచి అతని గొంతు వినబడింది. "అవ్ పెద్దమ్మా. ఫ్యాన్ కాలింది. బండిని గుంజుకొచ్చిననాడు నేనే ఇప్పి సూసిన. గ్యాస్ మంచిగనే ఉండె."

అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మా అవ్వ కళ్ళు ముసలివే గానీ మొద్దువి కావు.

"ఫ్యాన్ కాలితే మరి ఇరవై ఏండ్లసంది ఈయనను ఎందుకు తిట్టినవే? కల్తీ గ్యాస్ పోసి నా మొగుణ్ణి సంపిండని వాడవాడ తిరిగి సెప్పినవ్ గదా?"

నలుగురు ఆడవాళ్ళూ నా వంక చూశారు. కిందినుంచి అఖిల, శ్రావణ్ పైకి వస్తున్నారు, వాళ్ళూ ఆగి విన్నారు. ఇక దారి ఒక్కటే ఉంది.

"నాది పాపిష్టి నోరవ్వా" అన్నాను. "ఆయన తప్పు లేదని నాకు ఎరుకే. మొగుడు పోయిన దుఃఖం ఎవరిమీదనో పొయ్యాలె గదా, ఆయన మీద పోసిన. అనుమానాల కనకవ్వనని మీరందరు ఊకెనే అనలేదు."

చూస్తున్న అఖిల ముఖంలో అసహ్యం కనబడింది. నా పిల్ల నన్ను అట్లా చూసింది. ఓదెలు తల దించుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకు కనబడ్డాయి.

"వచ్చి చెయ్యి పెట్టవ్వా" అన్నాను. "పొద్దెక్కుతున్నది. నీ చెయ్యి లేంది పిల్ల ఎట్ల పోతది?"

అవ్వ వచ్చి చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. "సల్లగుండు బిడ్డా" అంది, పాట లేకుండా, గొణిగినట్టు. తూకం ముల్లు కదిలింది. తరవాత మిగతా నలుగురు తిప్పారు. కుక్క శుద్ధం అంది. బండి ఎండలోకి పోయి మలుపు తిరిగేదాకా చూశాను. అఖిల నాకు చెయ్యి ఊపలేదు. అమ్మమ్మకు ఊపింది.

మధ్యాహ్నమంతా ఫోన్ దగ్గర కూర్చున్నాను. ఎండ కాస్త వాలాక మూడో ఇంక్లైన్ ముస్టరు నుంచి మోగింది. చేరారు. దారంతా చల్లగానే ఉందట. శ్రావణే మాట్లాడాడు, పిల్ల ఫోన్ తీసుకోలేదు. తీసుకోకపోయినా బతికి ఉంది.

కిందికి పోయి అవ్వకు చెప్పాను. బాపు మంచం పక్కన కూర్చుని ఉంది. "మంచిది" అంది. ఇంకేమీ అడగలేదు. రోజూ నేను అన్నం తిన్నానా అని అడిగే మనిషి, ఇవాళ నా కళ్ళలోకి చూడలేదు. తన కుడిచేతిని చెంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను చెప్పింది ఆమె నమ్మలేదని నా అనుమానం. ఇన్నేళ్ళలో ఎన్నో అనుమానపడ్డాను, అన్నీ నిజం కావాలనే కోరుకున్నాను. ఇదొక్కటి అబద్ధం కావాలి.